పందెం వేగంలోనే సాధన: గోదావరి డెల్టా ఈతగాళ్ల కోసం

100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1 నిమిషం 4 సెకన్లలో ముగించాలని కోరుకునే అమ్మాయి రోజూ పొద్దున్నే 3 కిలోమీటర్లు ఈదుతూ, ఆ 3 కిలోమీటర్లలో ఒక్క 25 మీటర్లయినా ఆ వేగంతో ఈదకపోతే, పోటీ రోజున ఆ వేగం ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది? కాకినాడలోనైనా, రాజమహేంద్రవరంలోనైనా, భీమవరంలోనైనా ఈతకొలను గట్టు మీద తల్లిదండ్రులు పిల్లలను అడిగే మొదటి ప్రశ్న ‘ఇవాళ ఎన్ని రౌండ్లు కొట్టావు?’ అన్నదే. ఎంత వేగంతో కొట్టావన్న ప్రశ్న చాలా అరుదుగా వినిపిస్తుంది. పందెం వేగంతో చేసే విడతల సాధన ఈ లెక్కను తిరగేస్తుంది. ఇందులో ఎంత దూరం ఈదారన్నది ముందుగా నిర్ణయించుకునే విషయం కాదు. నిర్ణీత వేగం నిలిచినంత దూరమే ఆ రోజు దూరం, వేగం నిలవని చోట సెట్, అంటే వరుసగా ఈదే విడతల గుంపు, ముగుస్తుంది.

దూరాన్ని ముక్కలు చేసి, మధ్యలో విరామమిస్తూ సాధన చేయించడం కొత్త విషయమేమీ కాదు. 1930లలో జర్మనీలో పరుగు కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్, వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్ కలిసి ఈ విధానానికి ఒక శాస్త్రీయ రూపమిచ్చారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. 1960లో స్వీడన్ శరీరధర్మ శాస్త్రజ్ఞులు మరో ముఖ్యమైన సంగతి చూపారు. మొత్తం శ్రమ అంతే ఉన్నా, దాన్ని మూడేసి నిమిషాల విడతలుగా చేయించినప్పుడు రక్తంలో లాక్టేట్ (తీవ్ర శ్రమలో కండరాల్లో తయారయ్యే పదార్థం) బాగా పెరిగి మనిషి త్వరగా డీలా పడగా, అర నిమిషం శ్రమ, అర నిమిషం విరామంగా చేయించినప్పుడు లాక్టేట్ చాలా తక్కువగానే ఉండిపోయింది. శాన్ డియాగో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ రషల్ ఈ సూత్రాన్ని ఈతకు అన్వయించి, అతి చిన్న విడతలతో కూడిన పందెం వేగపు సాధనను ఒక సంపూర్ణ పద్ధతిగా మలిచారు.

కారణం కండరంలో ఉంది. తీవ్రమైన శ్రమ మొదలైన తొలి సెకన్లలో కండరం తనలో నిల్వ ఉన్న క్రియేటిన్ ఫాస్ఫేట్‌ను, మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కు అంటిపెట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. విడత 15 నుంచి 40 సెకన్ల లోపే ముగిసి, వెంటనే 15, 20 సెకన్ల విరామం దొరికితే ఆ నిల్వలు కొంతమేర మళ్లీ నిండుతాయి. అందువల్ల ఒక్క బిగిన ఈదితే 100 మీటర్లకే చెదిరిపోయే బార, ఇలా ముక్కలుగా ఈదినప్పుడు 300, 400 మీటర్ల వరకూ చెదరకుండా ఉంటుంది. పోటీలో ఏ బార వేయాలో, ఏ లయలో కాళ్లు ఆడించాలో, ఎన్ని బారలకు ఒకసారి ఊపిరి తీయాలో అదంతా ఒంటికి పట్టేది ఆ వేగంలో ఈదినప్పుడే. నెమ్మదిగా ఈదేటప్పటి బార వేరు, వేగంగా ఈదేటప్పటి బార వేరు; మొదటిదాన్ని వేలసార్లు వేసినంత మాత్రాన రెండోది దానంతటదే రాదు.

లక్ష్య సమయాన్ని లెక్కగట్టడం

ఈ పద్ధతిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 64 సెకన్లను నాలుగుతో భాగిస్తే 16 వస్తుంది కనుక, ప్రతి 25 మీటర్లకూ 16 సెకన్లు పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. కాని పోటీ గట్టు మీది నుంచి నీటిలోకి దూకడంతో మొదలవుతుంది. అలా దూకడం వల్ల మొదటి సగం ఎప్పుడూ వేగంగానే ఉంటుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ జాన్లే 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు సృష్టించినప్పుడు కూడా మొదటి 50 మీటర్లకు 22.28, రెండో 50 మీటర్లకు 24.12 సెకన్లు పట్టాయి. ఆ స్థాయి ఈతగాడికే రెండు సగాల మధ్య దాదాపు 2 సెకన్ల తేడా ఉంది. సాధనలో విడతలన్నీ నీటిలోంచి గోడను తన్నుకుని మొదలయ్యేవే కాబట్టి, మనం ఆధారంగా తీసుకోవలసింది రెండో సగపు వేగాన్ని.

మన ఉదాహరణలోని అమ్మాయి పోటీ 25 మీటర్ల కొలనులోనే జరుగుతుందనుకుందాం. 64 సెకన్ల లక్ష్యాన్ని 31.0, 33.0గా విడగొట్టాలి. రెండో సగం 33.0 కనుక 25 మీటర్ల విడత లక్ష్యం 16.5 సెకన్లు. దానికి సుమారు 15 సెకన్ల విరామం కలిపితే 31.5 వస్తుంది, గడియారం చూసుకోవడానికి వీలుగా ప్రతి 30 సెకన్లకు ఒక విడత బయలుదేరేలా పెట్టుకోవచ్చు. సాధనకు కొత్తవారైతే 35 సెకన్లకు ఒకటి పెట్టుకోవడమే మంచిది. విరామం చాలడం లేదని తోస్తే దాన్ని కాస్త పెంచవచ్చు గాని, లక్ష్య సమయాన్ని సడలించకూడదు.

200 మీటర్లకు లెక్క ఇదే తీరున సాగుతుంది. 2 నిమిషాల 20 సెకన్ల లక్ష్యాన్ని 33.5, 35.5, 35.8, 35.2గా విడగొట్టుకుంటే మొత్తం 140 సెకన్లు వస్తుంది. దూకడంతో మొదలైన మొదటి 50ని పక్కన పెడితే మిగిలిన మూడూ 35.5కు అటూ ఇటూగా ఉన్నాయి కాబట్టి 50 మీటర్ల విడతలకు లక్ష్యం 35.5 సెకన్లు, 55 సెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరితే 20 సెకన్ల లోపు విరామం దొరుకుతుంది. 400 మీటర్ల వారికి 75 మీటర్ల విడతలు, 1500 మీటర్ల వారికి 100 మీటర్ల విడతలు సరిపోతాయి. విరామం వారికి కూడా 20 సెకన్లు దాటనవసరం లేదు. 50 మీటర్ల పోటీ సంగతి వేరు. అక్కడ 12 నుంచి 15 మీటర్ల వరకు పూర్తి వేగంతో ఈది, నిమిషానికి దగ్గరగా విశ్రాంతి తీసుకుంటేనే నిజమైన వేగం బయటికి వస్తుంది.

మనవారు పట్టించుకోని చిక్కు మరొకటి ఉంది. మన పట్టణాల్లో సాధన చేసేది చాలావరకు 25 మీటర్ల కొలనుల్లో. పెద్ద పోటీలు జరిగేది 50 మీటర్ల కొలనుల్లో. హైదరాబాద్ గచ్చిబౌలిలోని 50 మీటర్ల కొలనులో మొదటిసారి దిగిన పిల్లలు సగం దూరంలో గోడ కోసం వెతుక్కోవడం సహజమే. గోడను తన్నినప్పుడు వచ్చే వేగం బార వేస్తే వచ్చే వేగం కన్నా ఎక్కువ. చిన్న కొలనులో ఆ తోపు రెండు రెట్లు దొరుకుతుంది, పెద్ద కొలనులో దొరకదు. పెద్ద కొలనులో 33.0 సెకన్ల 50 మీటర్లంటే, గోడను తన్నుకుని మొదలైన మొదటి 25 మీటర్లు సుమారు 16.1, తోపు లేని రెండో 25 మీటర్లు సుమారు 16.9 అని అర్థం చేసుకోవాలి. అందువల్ల పోటీ 50 మీటర్ల కొలనులో ఉన్నప్పుడు, 25 మీటర్ల కొలనులో గోడను తన్నుకుని ఈదే విడతకు 16.5 సరిపోదు, 16.1 పెట్టుకోవాలి. ఈ 0.4 సెకన్ల తేడాను సాధనలో సరిదిద్దుకోకపోతే, చిన్న కొలనులో లక్ష్యాన్ని అందుకున్నామన్న తృప్తితో వెళ్లి పెద్ద కొలనులో రెండు సెకన్లు పోగొట్టుకుంటారు.

కొన్ని హోటళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉండే 18, 20 మీటర్ల కొలనుల్లో ఈ సాధనకు పూనుకోకపోవడమే మేలు. దూరాన్ని దామాషాలో తగ్గించి లక్ష్య సమయం కట్టడం సులభంగానే కనిపిస్తుంది గాని, అంత తక్కువ దూరంలో సగం వేగం గోడ తోపు వల్ల వచ్చేదే అవుతుంది.

సెట్‌ను నడిపే నియమాలు

ముందుగా 600 నుంచి 800 మీటర్లు తేలిగ్గా ఈది, చివరలో నాలుగైదుసార్లు 25 మీటర్లను నెమ్మదిగా మొదలుపెట్టి పందెం వేగానికి తీసుకువచ్చి ఒంటిని సిద్ధం చేసుకోవాలి. ఆ తర్వాత 100 మీటర్ల వారికి గరిష్ఠంగా 24 విడతలు, 200 మీటర్ల వారికి గరిష్ఠంగా 20 విడతలు నిర్ణయించుకోవాలి. ఇది చేరితీరవలసిన సంఖ్య కాదు, దాటకూడని సంఖ్య మాత్రమే.

లక్ష్య సమయం కన్నా పదో వంతు సెకను ఎక్కువ పట్టినా ఆ విడత తప్పినట్టే. తప్పిన వెంటనే తర్వాతి విడతను వదిలేసి గోడ దగ్గరే ఊపిరి సర్దుకోవాలి. ఆ పైవిడతలో మళ్లీ బయలుదేరాలి. అది కూడా తప్పితే, అంటే ఈదిన రెండు విడతలు వరుసగా తప్పితే, సెట్ అక్కడితో ముగిసింది. అలా కాకుండా మధ్యలో కుదురుకుని అప్పుడొకటి అప్పుడొకటి తప్పుతూ ఉంటే, మొత్తం మూడో తప్పుతో సెట్ ముగుస్తుంది. సగంలో ఆపినా, చివరి నుంచి రెండో విడతలో ఆపినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఆపడం అన్నది ఈ పద్ధతిలో అన్నిటికన్నా కష్టమైన పని. ‘ఇంకా నాలుగే ఉన్నాయి, పూర్తి చేసెయ్’ అని గట్టు మీద నుంచి కేక వేయకుండా ఉండడం కోచ్‌కూ కష్టమే, తండ్రికీ కష్టమే. కాని వేగం పోయాక ఈదే ప్రతి విడత, పోటీలో వేయకూడని బారను ఒంటికి నేర్పుతుంది. పడిపోయిన మోచేతితో, వంకర తిరిగిన నడుముతో పట్టుదలగా పూర్తి చేసిన ఆ నాలుగు విడతల వల్ల జరిగే మేలు కన్నా చెరుపే ఎక్కువ.

ఒక సెట్ ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. లక్ష్యం 16.5, ప్రతి 30 సెకన్లకు ఒక విడత. మొదటి పదకొండు విడతలు 16.2 నుంచి 16.5 మధ్య, ఒక్కో దానికి 19 బారలతో సాఫీగా నడిచాయి. పన్నెండోదానికి 21 బారలు పడ్డాయి, సమయం 16.8. పదమూడోది వదిలేయాలి. పద్నాలుగు, పదిహేను, పదహారు 16.4, 16.4, 16.5. పదిహేడోది 16.7, రెండో తప్పు. పద్దెనిమిది వదిలేసి, పంతొమ్మిది, ఇరవై రెండూ సరిగ్గా 16.5లో ముగించి, ఇరవై ఒకటో విడతకు 16.9 పట్టింది. మూడో తప్పు కనుక గోడ పట్టుకుని కళ్లద్దాలు తీసేయాలి. పుస్తకంలో రాసుకోవలసినవి రెండే అంకెలు: మొదటి తప్పుకు ముందు 275 మీటర్లు, మొత్తం సరైన వేగంతో ఈదిన దూరం 400 మీటర్లు.

ఈ రెంటిలో మొదటి అంకె విలువైనది. మొదటి తప్పుకు ముందు ఈదిన దూరం పోటీ దూరానికి మూడు నుంచి అయిదు రెట్ల మధ్య ఉంటే లక్ష్యం సరైన చోట ఉన్నట్టు లెక్క. మన అమ్మాయి 300కు కొద్దిగా తక్కువలో ఉంది. లక్ష్యం ఆమెకు గట్టిదే గాని అందనిది కాదు, మార్చనక్కర్లేదు. రెండో విడతకో మూడో విడతకో తప్పుతున్నవారు తమ స్థాయికి మించిన సమయం పెట్టుకున్నారు. 24 విడతలూ ఒక్క తప్పు లేకుండా వరుసగా రెండుసార్లు పూర్తి చేసినవారు లక్ష్యాన్ని 0.2 సెకన్లు తగ్గించుకోవాలి. అంతకన్నా ఒక్కసారిగా తగ్గించడం ఆశ అవుతుంది గాని సాధన కాదు.

బారలు లెక్కపెట్టడం ఎందుకన్నది ఆ పన్నెండో విడతే చెబుతోంది. చేయి నీటిని పట్టలేక జారిపోతున్నప్పుడు ఈతగాడు తెలియకుండానే బారల సంఖ్య పెంచి వేగాన్ని నిలబెట్టుకోవాలని చూస్తాడు. అనుభవం ఉన్న కోచ్ గడియారం కన్నా ముందే బారల లెక్కలో తప్పును పసిగడతాడు.

పదో వంతు సెకను గురించి ఇంత పట్టింపు అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. 2021లో రోమ్‌లో సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఎ’ ప్రమాణాన్ని అందుకున్న తొలి భారతీయ ఈతగాడయ్యాడు. ఆ ప్రమాణం 1 నిమిషం 56.48. తేడా సరిగ్గా పదో వంతు సెకను.

ఇరుకు కొలనులో ఏర్పాట్లు

వేసవిలో మన కొలనులన్నీ గంటకొక బ్యాచ్‌తో కిటకిటలాడతాయి. నేర్చుకునే పిల్లలు, బెండ్లు కట్టుకున్న పిల్లలు అడ్డంగా వస్తుంటే పందెం వేగం సాధ్యం కాదు, ప్రమాదం కూడా. నిర్వాహకులతో మాట్లాడి మొదటి బ్యాచ్‌కు ముందు అరగంటైనా ఒక లేన్ కేటాయింపజేసుకోవాలి. తాడు కట్టి వేరు చేసిన ఒక్క లేన్ ఉంటే చాలు. అందులో ముగ్గురు సాధన చేయవచ్చు. 30 సెకన్ల వరుసలో అయిదేసి సెకన్ల ఎడంతో బయలుదేరితే మూడోవారు 10వ సెకనులో బయలుదేరి 27వ సెకను లోపు అవతలి గోడ తాకుతారు. మొదటివారు 30వ సెకనులో వెనక్కి బయలుదేరేటప్పటికి దారి ఖాళీగా ఉంటుంది. నాలుగోవారు 32వ సెకనుకు గాని రారు కనుక మొదటివారికి ఎదురుపడతారు. నలుగురు ఉన్నప్పుడు 35 సెకన్ల వరుస పెట్టుకోవడం తప్ప వేరే మార్గం లేదు.

పెద్ద సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారాన్ని రెండు చివరల నుంచీ కనిపించేలా పక్క గోడ మధ్యలో పెట్టాలి. ఎప్పుడు బయలుదేరాలో అది చెబుతుంది గాని పదో వంతులు చెప్పలేదు. వాటికి గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి కావాలి. పాదాలు గోడను వదిలినప్పుడు నొక్కాలి, చేయి గోడను తాకినప్పుడు ఆపాలి. సెట్ మొత్తానికి ఒక్కరే కొలవడం ముఖ్యం. చేతులు మారితే అంకెలు మారతాయి. స్టాప్‌వాచ్ పట్టుకునేవారే లేనప్పుడు 25ల బదులు 50లు ఈదడం నయం. గోడ గడియారం చూసుకోవడంలో అర సెకను అటూ ఇటూ అయినా 35 సెకన్లలో అది చిన్నది, 16 సెకన్లలో పెద్దది.

25 మీటర్ల విడతల్లో మలుపు ఉండదన్నది మరో లోపం. దాన్ని పూడ్చడానికి వారంలో ఒకరోజు కొలను మధ్య నుంచి బయలుదేరి, గోడ దగ్గర ఫ్లిప్ టర్న్ (నీటిలో పల్టీ కొట్టి గోడను తన్నే మలుపు) చేసి, మళ్లీ మధ్యకు రావడాన్ని ఒక విడతగా పెట్టుకుని 12, 15 సార్లు చేయించాలి. నీటి అడుగున డాల్ఫిన్ కిక్‌లు (రెండు కాళ్లూ కలిపి ఆడించడం) పోటీలో ఎన్ని వేస్తారో ఇక్కడా అన్నే వేయాలి. పోటీలో మూడు బారలకొకసారి ఊపిరి తీసేవారు సాధనలో రెండింటికొకసారి తీస్తే, ఈదిన వేగం పందెం వేగమే అయినా ఈదిన తీరు పందెం తీరు కాదు.

ఎండ, ఉక్క, నీటి వేడి

ప్రపంచ ఈత సమాఖ్య నియమాల ప్రకారం పోటీ కొలనులో నీరు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఆరుబయలు కొలనుల్లో నీరు మధ్యాహ్నం తర్వాత గోరువెచ్చగా మారి ఆ హద్దును దాటిపోతుంది. కండరాల్లో పుట్టిన వేడిని వెచ్చని నీరు లాక్కోలేదు; చుట్టూ నీళ్లే ఉన్నందువల్ల చెమట పడుతున్న సంగతి కూడా ఈతగాడికి తెలియదు. పొద్దున చల్లని నీటిలో పదిహేను విడతలు నిలబెట్టినవారు సాయంత్రం ఎనిమిదికే తప్పితే అది వారి లోపం కాదు. అలాంటప్పుడు లక్ష్య సమయాన్ని పెంచడం సరైన పని కాదు. గరిష్ఠ విడతల సంఖ్యను 24 నుంచి 14కో 16కో తగ్గించి, వేగాన్ని అలాగే ఉంచాలి. రోహిణి కార్తెలో సాయంత్రం సెట్లు పూర్తిగా మానేసినా నష్టం లేదు.

సాధనకు గంట ముందు ఒక చక్కెరకేళి అరటిపండో, రెండు ఇడ్లీలో తింటే చాలు. కడుపు నిండా తిని నీటిలో దిగకూడదు. సెట్ల మధ్య ఉప్పు వేసిన మజ్జిగ గాని, కొబ్బరినీళ్లు గాని నాలుగు గుక్కలు తాగాలి. మన ప్రాంతంలో కొబ్బరి బొండానికి కరువు లేదు కాబట్టి రంగు పానీయాల సీసాల మీద డబ్బు తగలేయడంలో అర్థం లేదు.

కాలువలో ఈత నేర్చినవారి సంగతి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచీ డెల్టా ఊళ్లలో పిల్లలకు కాలువే ఈత బడి. అలా నేర్చినవారికి నీటి భయం ఉండదు, దమ్ము ఉంటుంది, నీటి పట్టు తెలిసి ఉంటుంది; కోచ్‌లు వారిని ఇష్టపడేది అందుకే. అయితే కాలువలో ఎదురుగా ఏం వస్తోందో చూసుకోవడానికి తల పైకెత్తి ఈదడం అలవాటవుతుంది. తల లేస్తే నడుము దిగుతుంది, నడుము దిగితే కాళ్లు కత్తెర వేస్తాయి. అలాంటివారిని రెండు మూడు నెలల పాటు తల దించి ఈదడం, పక్కకు తిరిగి ఊపిరి తీయడం మీదే నిలపాలి. బార సరిదిద్దకుండా పందెం వేగపు విడతలు మొదలుపెడితే ఆ పిల్లవాడు తల పైకెత్తి ఈదడంలోనే ప్రవీణుడవుతాడు. ఆ తర్వాత మాన్పించడం ఎవరి తరమూ కాదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు కూడా ఇదే మాట వర్తిస్తుంది. వారికి ఎనిమిది పది విడతల సరదా సెట్ వారానికొకసారి ఇస్తే చాలు, తప్పుల లెక్కతో పని లేదు.

కాలువలోనే ఈ సాధన చేయవచ్చునా అని అడిగేవారికి ఒక్కటే సమాధానం: వీలు కాదు. దిగువకు ఈదిన సమయం వేరు, ఎగువకు ఈదిన సమయం వేరు; లాకులు ఎత్తినప్పుడు ఒరవడి వేరు, దించినప్పుడు వేరు. సమయమే కొలమానమైన పద్ధతికి నిలకడ లేని నీరు పనికిరాదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, వానకాలంలో ఎర్రనీరు వస్తుంది. తేలికపాటి ఈత కోసం దిగాలనుకున్నా, పెద్దవారు తోడుండాలి. లాకులకూ తూములకూ దూరంగా ఉండాలి.

వారంలో ఎంత, ఎంతవరకు

రషల్ పద్ధతిని పూర్తిగా అనుసరించేవారు మిగతా సాధనలన్నిటినీ పక్కన పెట్టమంటారు. అమెరికా ఈతగాడు మైకేల్ ఆండ్రూ ఆ మార్గంలోనే పెరిగి, టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచిన మెడ్లే రిలే (నలుగురు నాలుగు రకాల ఈత ఈదే పోటీ) జట్టులో బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదాడు. అదే పోటీల్లో 200 మీటర్ల వ్యక్తిగత మెడ్లే ఫైనల్లో చివరి 50 మీటర్లలో వెనకబడి అయిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. ఒక్క పోటీని పట్టుకుని ఒక పద్ధతికి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అయినా ఎదుగుతున్న పిల్లలకు తేలికైన దూరపు ఈత, బార సరిదిద్దుకునే ఈత కూడా కావాలన్నదే నా అభిప్రాయం. వారంలో ఆరు రోజులు సాధన చేసేవారు మూడు రోజులు పందెం వేగానికి, మూడు రోజులు మిగతావాటికి కేటాయించుకోవడం సబబు. ఒకే పోటీకి చెందిన సెట్‌ను వెంట వెంట రోజుల్లో చేయకూడదు. ఒక పూటలో రెండు సెట్లకు మించనవసరం లేదు. వాటి మధ్య 300 మీటర్లు నింపాదిగా ఈదాలి, వీలైతే రెండో సెట్ మరో రకం ఈతలో ఉండాలి. భుజంలో నొప్పి మొదలైతే ఆ రోజు కాళ్ల సాధనకు మారాలి. మర్నాడు కూడా నొప్పి ఉంటే నీటిలో దిగకుండా వైద్యుడికి చూపించాలి.

పోటీకి ముందు వారం విడతల సంఖ్యను సగానికి తగ్గించి వేగాన్ని అలాగే ఉంచాలి. ఆ వారం తప్పులు వచ్చేదాకా ఈదనివ్వకూడదు. పది విడతలు శుభ్రంగా ఈది, ఇంకా ఈదగలననిపిస్తుండగానే బయటికి రప్పించాలి. పోటీ రోజున ఒళ్లు వేడెక్కేలా ఈదాక, లక్ష్య వేగంతో 25 మీటర్లు నాలుగుసార్లు, నిమిషం ఎడంతో ఈదించి సమయం చెప్పాలి. 50 మీటర్ల కొలనైతే ఆ నాలుగింటిలో రెండింటిని గోడ తోపు లేని చివరి 25 మీటర్లలో, కొలను మధ్య నుంచి గోడ వైపుకు ఈదించాలి.